సిపాయిలు ముందా, మా ఊరి గంటలు ముందా

రాస్తున్నావా పాపా? సరే. నేను "వచ్చినారు" అంటే నువ్వు "వచ్చారు" అని దిద్దుకుంటావని నాకు తెలుసు, చదువుకున్నదానివి. దిద్దుకో. కానీ ఆ రోజు మనుషులు అనుకున్న మాటలు మాత్రం ముట్టుకోవద్దు. అయివారు ఎట్లా అన్నాడో అట్లే రాయి. నేను ఆయనకు ఎదురు చెప్పినవి ఇంకా జాగ్రత్తగా రాయి.

ఇది నీ పెళ్ళి ఖాయమైన రోజు సంగతి. కాసేపు చెడిపోయిన రోజు సంగతి కూడా. నవ్వకు, అక్షరాలు వంకర పోతాయి. నేను నవ్వితే పర్వాలేదు, నేను రాయడం లేదు కదా.

అనంతపురంలో బీఈడీ చదివేటప్పుడు నువ్వూ ఆ పిల్లోడూ ఒకరికొకరు నచ్చారని ఈ ఇంట్లో మొదట తెలిసింది నాకే. మీ నాయనకు చెప్పే ధైర్యం లేక వాళ్ళమ్మను, నాకు చెప్పావు. నేను మీ అమ్మకు చెప్పాను, మీ అమ్మ మీ నాయనకు చెప్పింది, ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని మూడో రోజు పిల్లోడి ఫోను నంబరు అడిగాడు. కులం సరిపోయింది, జాతకం సరిపోయింది. ఇంక మిగిలింది పిల్లోడి తాత ఒక్కడే.

మడకశిర వైపు వాళ్ళది. ఆయన సోషల్ చెప్పి రిటైరైన అయివారు. ఆ ఇంట్లో ఆయన తల నిలువుగా ఊపితే పెళ్ళి, అడ్డంగా ఊపితే లేదు. అందుకే వాళ్ళు వచ్చే ముందు రోజు సాయంత్రం నువ్వు నా తలకు నూనె రాస్తూ మొదలుపెట్టావు.

"జేజీ, రేపు ఒక్క పూట నోరు తెరవొద్దు."

"నేనేం మాట్లాడతానే?"

"ఏమైనా మాట్లాడతావు. బస్సు కండక్టరుతో మాట్లాడతావు, కరెంటు రీడింగు తీసేటోనితో మాట్లాడతావు, టీవీలో వార్తలు చదివే ఆయమ్మతో గూడా మాట్లాడతావు. ఆ తాత ఎట్లాంటోడో నీకు తెల్దు. వాళ్ళ పెద్ద మనవనికి సంబంధం చూసేదానికి పోతే, పిల్ల మేనమామ ఏందో ఎదురు మాట్లాడినాడని లేచి వచ్చేసినాడంట. ఇప్పటికీ ఆ ఊరి మింద పోయే బస్సు గూడా ఎక్కడంట."

"అయితే ఆయప్ప యాడికి పోవల్లన్నా నడిచే పోతాడా?"

"చూడు, ఇదే వద్దంటాండేది!"

నీ చెయ్యి పట్టుకుని నా తల మీద పెట్టుకుని మాటిచ్చాను. అప్పుడు నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందువల్ల చెప్తున్నా, ఆ మాట నేను నిజంగానే ఇచ్చాను.

మన వైపు పద్ధతి తెలియనివాళ్ళు ఇది చదివితే వాళ్ళ కోసం ఒక ముక్క రాయి. సంబంధం మాట్లాడ్డానికి వచ్చిన పిల్లోడి తరఫువాళ్ళు, వక్కాకు మార్చుకునే దాకా పిల్ల ఇంట్లో మెతుకు ముట్టరు. వక్కాకు అంటే తమలపాకులు, వక్కలు, పళ్ళెంలో పెట్టి పెద్దలు చేతులు మార్చుకునేది. అది మారితే మాట ఖాయం. మారకముందు మంచినీళ్ళు తాగొచ్చు, అంతే. ముందే తింటే ఖాయం చేసుకున్నట్టే లెక్క, తర్వాత వద్దనడానికి నోరు రాకూడదు. మా పెళ్ళప్పుడు మీ తాత వాళ్ళు మధ్యాహ్నం మూడింటి దాకా నీళ్ళతోనే కూర్చున్నారు. అందుకే మీ తాతకు జీవితమంతా మా ఇంటి మీద కోపం అనుకుంటాను.

వాళ్ళు వచ్చింది శుక్రవారం. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. రాహుకాలం తగలకముందే గడప దాటాలని తెల్లవారకుండా బయలుదేరి పదీ పావుకే దిగారు. ఇంట్లోకి వచ్చారు, బాగానే ఉంది. కానీ పన్నెండు దాకా వక్కాకు తీయకూడదు, తీయకపోతే తినకూడదు. అంటే పావు తక్కువ రెండు గంటల సేపు పెద్దమనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. నన్ను నోరు మూసుకోమన్నావు సరే, రాహుకాలానికి ఎవరు చెప్పాలి?

వచ్చింది ఐదుగురు. అయివారు, ఆయన భార్య, పిల్లోడు, పిల్లోడి అమ్మా నాయన. పిల్లోడి అమ్మా నాయన గురించి రాయడానికి ఏమీ లేదు, అయివారు ఊపినప్పుడల్లా తలలు ఊపారు. అయివారి భార్య పొట్టిగా, గుండ్రంగా, ఒడిలో చేతిసంచీ పెట్టుకుని మంచం చివర కూర్చుంది. వచ్చినప్పుడు "బాగుండారా వదినా" అంది, మళ్ళీ మధ్యాహ్నం దాకా ఒక్క మాట లేదు. అయివారు మాత్రం సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు. రిటైరైనాక రెండో పెన్ను ఎందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు, మాటిచ్చాను కదా.

ఆయన కుర్చీ ఎక్కడ వేశారు? పడసాలలో విత్తనం కాయల కుప్ప పక్కన. ఇంకో వానకు విత్తనం పడుతుందనే రోజులు. ఇంటింటా శనక్కాయలు ఒలుచుకుంటున్నారు. మీ అమ్మ ఆ కుప్పను వెనకింట్లోకి మోయించాలంది, నేనే వద్దన్నాను. వచ్చేవాళ్ళేమైనా బెంగుళూరు మనుషులా, శనక్కాయల కుప్ప చూసి ముక్కు మూసుకోవడానికి? పైన ఒక దుప్పటి కప్పాం. నేను కుప్పకు ఇవతల పక్క చాట ముందు పెట్టుకుని కూర్చున్నాను. నోటికి పని లేకపోతే చేతులకైనా ఉండాలి కదా. దుప్పటి అంచు ఎత్తి, పిడికెడు కాయలు తీసి ఒలవడం మొదలుపెట్టాను.

ఈ జిల్లాలో పుట్టినవాడు ఎవడైనా సరే, కలెక్టరైనా సరే, శనక్కాయల కుప్ప పక్కన చేతులు ముడుచుకుని కూర్చోలేడు. వేళ్ళు వాటంతట అవే పోతాయి. అయివారు వాన గురించి మాట్లాడుతూనే కుప్పలోకి చెయ్యి పెట్టాడు. టప్పున నొక్కి, గింజలు నా చాటలో వేశాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. ఆయన చూడనే లేదు. నేనూ పట్టించుకోలేదు, మంచి ఒలుపు, గింజ చితకడం లేదు, సాయం చేస్తే చేయనీ అనుకున్నాను.

అప్పుడు నువ్వు నీళ్ళు తెచ్చావు. ఆకుపచ్చ చీర. పిల్లోడు నిన్ను చూడకూడదని గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. అది పోయిన సంవత్సరం క్యాలెండరు. అయివారు గ్లాసు అందుకుని అడిగాడు.

"ఏమ్మా, సోషలే కదా నీది గూడా?"

"అవును తాతా."

"అట్లయితే పాటా గీటా వద్దులే. చెప్పు చూద్దాం. మన స్వాతంత్ర్య పోరాటం నిజంగా ఎప్పుడు మొదులైంది?"

నీకు సులభంగా వచ్చింది. "పద్దెనిమిది వందల యాభై ఏడు తాతా, సిపాయిల తిరుగుబాటు" అన్నావు. ఆయన ముఖం వెలిగింది. తల నిలువుగా ఊపాడు. వెనక రెండు తలలు నిలువుగా ఊగాయి. మీ నాయన ఊపిరి వదిలాడు. వంటింటి తలుపు సందులోంచి మీ అమ్మ దేవుడికి దండం పెట్టింది. అక్కడితో ఆయన ఆగి ఉంటే, ఇప్పుడు నీకు రాసే పని ఉండేది కాదు.

ఆగలేదు. అయివారు కదా, సరైన జవాబు వస్తే దాని మీద ఇంకో పాఠం చెప్పాలి. "కరెక్టు," అన్నాడు. "అంతకు ముందు ఎవురికీ ఏమీ తెల్దు. పరాయోడు వచ్చి నెత్తిన కూసున్నాడనే గ్యానమే లేదు. మన సీమలో అయితే మరీ. అందురూ నిద్రపోతాండిరి."

నేను ఒక కాయ ఒలిచాను. ఇంకోటి ఒలిచాను. నిన్ను చూశాను, నువ్వు కళ్ళతోనే "జేజీ, జేజీ" అన్నావు. ఇంకో నాలుగు ఒలిచాను. తర్వాత నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నిద్రపోతాంటే గంటలు ఎవురు విప్పినారు?"

పడసాల అంతా నా వైపు తిరిగింది.

"ఏం గంటలమ్మా?" అన్నాడు అయివారు.

ఇంక ఎట్లా ఆగాలి? అడిగింది ఆయన. అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదు. చెప్పాను. మా జేజికి వాళ్ళ జేజి చెప్పింది, ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె అమ్మ చేసింది. రెండేళ్ళు వరుసగా వానల్లేవు, శిస్తు కట్టలేదు. కుంపిణీ దొరల మనుషులు గొడ్లను తోలుకుపోవడానికి వస్తున్నారని కబురు వచ్చింది. మగవాళ్ళు చావిట్లో కూర్చుని ఏం చేద్దామా అని మాట్లాడుతూనే ఉన్నారు. ఆడవాళ్ళు మాట్లాడలేదు. కోడి కూయకముందే లేచి, ఊళ్ళో ఉన్న ప్రతి గొడ్డు మెడలోంచి గంట విప్పి, గంటలన్నీ గోనెలో కట్టి ధాన్యం పాతరలో పూడ్చి, గొడ్లను గుట్ట మీదికి తోలేశారు. వచ్చినవాళ్ళు మూడు రోజులు గుట్ట చుట్టూ తిరిగారు. గంట వినిపిస్తేనే కదా గొడ్డు ఎక్కడుందో తెలిసేది? ఒక్క గంట వినిపించలేదు. వచ్చిన దారినే పోయారు. తర్వాత గంటలు తీసి కట్టేటప్పుడు ఎవరిది ఏదో తెలియక కలిసిపోయాయి. నెల రోజులు దూడలు వేరేవాళ్ళ ఆవుల వెంట పరుగెత్తాయట. ఊరంతా ఎవరి పాలు ఎవరు పిండుతున్నారో తెలియలేదట.

పిల్లోడు గట్టిగా నవ్వాడు. నవ్వి, తాతను చూసి, మళ్ళీ పాత క్యాలెండరు చూశాడు.

"ఇది సిపాయిల కంటే ముందు," అన్నాను నేను. "చానా ముందు. ఇంగ చెప్పండి అయివారూ, ఎవురు మొదులు?"

"అది పోరాటం కాదమ్మా. గొడ్లను దాంచిపెట్టేది."

"పరాయోని కండ్లముందర్నుంచి మాయం చేసినారు గదా?"

"పోరాటమంటే ఒక నాయకుడు ఉండల్ల. ఒక ఆలోచన ఉండల్ల. ఒక ఊర్లో కాదు, ఊరూరా లేవల్ల. నీ గంటలకు నాయకుడెవురు?"

"అందురూ నాయకులే. అందుకే ఎవురినీ పట్టుకోలేకపోయినారు."

మీ నాయన దగ్గాడు. ఆ దగ్గు నాకు అర్థమైంది, కానీ అప్పటికి బండి వాలులో పడింది. పాలెగాళ్ళను తీశాను. సిపాయిల కంటే ముందే ఈ సీమలో పాలెగాళ్ళు కుంపిణీ వాళ్ళతో తలపడలేదా, వాళ్ళ కోటలు కూలగొట్టించుకోలేదా అన్నాను. ఆయన వాళ్ళు తమ కోటల కోసం కొట్లాడారు, దేశం కోసం కాదు అన్నాడు.

"సొంత ఇంటి కోసం కొట్లాడితే దేశం కోసం కానట్లా? దేశమంటే ఆకాశంలో ఉండాదా? ఇండ్లన్నీ కలిస్తేనే గదప్పా దేశం?"

"అట్లంటే, నువ్వు పొద్దున పక్కింటోళ్ళ మేకను తరిమేది గూడా స్వాతంత్ర్య పోరాటమే!"

"ఆ మేక పరాయి రాజు పంపిస్తే పోరాటమే!"

పాపా, ఒక మాట నిజం చెప్తాను. నాకు భయం వేయలేదు. నీ పెళ్ళి గుర్తుంది, మాటిచ్చింది గుర్తుంది, అయినా ఎంత హాయిగా ఉండిందో! మీ తాత పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నాకు ఎదురు చెప్పేవాళ్ళే లేరు. మీరంతా "సరేలే జేజీ" అంటారు. ఆ మనిషి ఒక్క "సరేలే" అనలేదు. నేను ఒకటంటే రెండన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. నేను కొంగు నడుముకు బిగించాను. ఒలిచే చేతులు ఆగలేదు, నావీ ఆయనవీ, టపటపటపమని.

పన్నెండు దాటింది. మీ నాయన వక్కాకు పళ్ళెం తెచ్చాడు. అయివారు చేత్తో ఆపి, "ఉండు నాయనా, ఈ సంగతి తేల్నీ" అన్నాడు. ఒంటిగంటకు మళ్ళీ తెచ్చాడు. "అది తేలకుండా వక్కాకు ఏంది?" అన్నాడు. వంటింట్లో గుత్తివంకాయ, ఉర్లగడ్డ కూర, పప్పు, చిత్రాన్నం, నేతి ఓళిగలు, అదే బొబ్బట్లు. ఓళిగల వాసన పడసాలలోకి వచ్చి నిలబడింది. పిల్లోడి నాయన కళ్ళు మూసుకుని ఆ వాసనే పీలుస్తున్నాడు. అయివారి భార్య సంచీ తెరిచి ఒక మాత్ర తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టింది. ఆమెకు షుగరు అని, తిండి ముందు వేసుకునే మాత్ర అని, ఆ తిండి వచ్చేటట్టు లేదని అప్పుడు నాకు తట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది.

అప్పుడు చాట చూశాను.

నా వైపు గింజలు కుప్పగా ఉన్నాయి. ఆయన వైపు పల్చగా ఉన్నాయి. కానీ ఆయన కాళ్ళ దగ్గర పొట్టు నాకంటే ఎక్కువ ఉంది. మరి గింజలు ఎక్కడికి పోయాయి? ఆయన చేతినే చూశాను. ఒలిచాడు, రెండు గింజలు చాటలో వేశాడు. ఒలిచాడు, "నాయకత్వం లేని పోరాటం..." అంటూ రెండు గింజలు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"తిన్యాడు!" అని అరిచాను. "అయివారు మా ఇంట్లో తిన్యాడు!"

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. మీ అమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. అయివారి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. ఇంకో రెండు గింజలు దాంట్లో ఉన్నాయి. వెనక రెండు తలలకు నిలువుగా ఊగాలో అడ్డంగా ఊగాలో తెలియలేదు.

"వక్కాకు మార్చుకోకముందే తిన్యారు. అంటే మాట ఖాయమైనట్లే," అన్నాను. నాకు ఆనందం పట్టలేదు. వాదం గెలవకపోయినా పెళ్ళి గెలిచాననుకున్నాను.

"ఇది తినేది కాదమ్మా," అన్నాడు ఆయన, గింజలు జేబులో వేసుకుంటూ. పెన్నుల పక్కన. "ఇది విత్తనాలు ఒలిచేది. తినేదంటే ఆకేసి, నీళ్ళు చల్లి, కూసోని తినల్ల. అదీ తినేదంటే."

"కడుపులోకి పోయినాయా లేదా?"

"పోయింటే పోయింటాయి. తెలీకుండా పోయినాయి. అది లెక్కలోకి రాదు."

"ఇదే గదా మీ సంగతి!" అని చాట మీద చరిచాను. గింజలు ఎగిరాయి. "సిపాయిలు ఆకేసుకోని కూసున్నారు, అది కనపడ్తాంది మీకు. అంతకు ముందు ఊరూరా జనం ఒక్కొక్క గింజే నోట్లో ఏసుకున్యారు, అది కనపడదు. పొట్టు చూడండి, కాళ్ళ కిందనే ఉండాది!"

ఆయన నిజంగానే కిందికి చూశాడు. కాలితో పొట్టును పక్కకు జరిపాడు. నువ్వు తలుపు పట్టుకుని నిలబడ్డావు, నీ ముఖంలో రంగు లేదు. అప్పుడు ఆయన తల ఎత్తి, మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సోషల్ అయివార్లు పరీక్షలో కష్టమైన ప్రశ్న ఇచ్చేటప్పుడు అట్లా నవ్వుతారు.

"సరే. నీ మాటే ఒప్పుకుంటా. మొదుటి గింజతోనే మొదులైంది అనుకుందాం. ఆ మొదుటి గింజ ఎప్పుడు తిన్యాను?"

పిల్లోడు లెక్కలు చెప్తాడు, లెక్కలవాళ్ళకు ప్రశ్న వినిపిస్తే జవాబు ఆగదు. క్యాలెండరు వదిలేసి, "పదకొండుకు తాతా. జేజితో పాటు ఒలిచేది మొదులుపెట్టిన కొంచేపటికే నోట్లో ఏసుకున్యావు. నేను చూసినా" అన్నాడు. అనేసి నోరు మూసుకున్నాడు. నువ్వు వాణ్ణి చూసిన చూపు నేను చూశాను. పెళ్ళి ఇంకా కాకముందే వాడికి పెళ్ళంటే ఏమిటో తెలిసింది.

"పదకొండు," అన్నాడు అయివారు. "అంటే రాహుకాలంలో. అమ్మా, నీ లెక్క ప్రకారం మన పిల్లోల్ల సంబంధం రాహుకాలంలో మొదులైంది. మొదుటి గింజే మొదులంటే ఈ సంబంధం పనికిరాదు. పనికొస్తుందంటే మొదుటి గింజ మొదులు కాదు. ఏమంటావు?"

పాపా, నా జీవితంలో నా నోరు మూయించినవాళ్ళు ముగ్గురు. మా అత్త, ఒకసారి పళ్ళ డాక్టరు, ఆ అయివారు.

మీ అమ్మ అప్పటికే గరిటె కింద పెట్టి తాళిబొట్టు కళ్ళకు అద్దుకుంటోంది. మీ నాయన ముఖం గోడలాగా అయింది. రాహుకాలం అనే మాట ఒకసారి పడసాలలో పడ్డాక ఎవరు ఎత్తేస్తారు? రేపు ఇంట్లో పాలు విరిగినా రాహుకాలం సంబంధం అంటారు. పెళ్ళయ్యాక నీకు జలుబు చేసినా అదే అంటారు. నేనే కదా అరిచింది, తిన్యాడు తిన్యాడు అని. ఊరికే ఉండి ఉంటే ఎవరు చూసేవాళ్ళు?

నిన్ను చూశాను. నువ్వు నన్ను తిట్టలేదు, ఏడవలేదు. తలుపు మీద గోటితో గీస్తున్నావు, అంతే. దాన్ని చూశాక నాకు ఇంక దారి లేదు.

ఆ మాట గొంతులోంచి రావడానికి ఎంత సేపు పట్టిందో. మా జేజికి జేజి, వాళ్ళమ్మ, ఊరి ఆడవాళ్ళంతా, గోనెలో గంటలతో సహా నా గొంతులో అడ్డంగా నిలబడ్డారు. "కొంచెం తప్పుకోండమ్మా, పిల్ల పెండ్లి" అని వాళ్ళకు మనసులో చెప్పుకున్నాను.

"సిపాయిలే అయివారూ," అన్నాను. "సిపాయిలే మొదులు. మా ఊరి గంటలు లెక్కలోకి రావు. మీరు తిన్న కాయలూ రావు. ఆకేసి, నీళ్ళు చల్లి, వక్కాకు మార్చుకుంటేనే మొదులు."

పడసాల అంతా ఊపిరి తీసుకుంది. మీ నాయన పళ్ళెం పట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. అయివారు మాత్రం కదల్లేదు. నన్నే చూస్తున్నాడు. గెలిచిన మనిషి ముఖం కాదు అది. ఆడుకుంటుంటే బంతి పోగొట్టుకున్న పిల్లోడి ముఖం.

"నమ్మి అంటాండావా, పిల్ల కోసం అంటాండావా?"

"పిల్ల కోసమే. నమ్మేదానికి నాకేమన్నా పిచ్చా?"

"అట్లయితే నేను ఒప్పుకోను! మనసులో లేని మాట నోట్లో ఉంటే దాన్ని జవాబంటారా? నా క్లాసులో ఎవురినీ నేను అట్ల ఒప్పియ్యలేదు." అని కుర్చీ ముందుకు జరిపాడు. చెయ్యి మళ్ళీ కుప్పలోకి పోయింది. "గంటల సంగతి మళ్ళీ చెప్పు. పక్క ఊరోల్లు గూడా విప్పినారా? విప్పింటే అది ఒక ఊరి సంగతి కాదు, ఊరూరా అయినట్లే. అదొక్కటి తెలిస్తే నేను..."

మంచం కిర్రుమంది.

అయివారి భార్య లేచింది. చేతిసంచీ మంచం మీద పెట్టింది. ఎవరినీ చూడకుండా నడిచి పెరట్లోకి పోయి, తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. వంటింటి గడప ముందు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆకెయ్ మ్మే," అంది మీ అమ్మతో.

"ఏమే," అన్నాడు అయివారు, "వక్కాకు కాలేదు ఇంకా."

"సుమ్నే ఉండప్పా, గమ్మునుండు." ఆ గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. "పొద్దున్నుంచీ వింటాండా. మీ ఇద్దురి పోరాటాలు ఎప్పుడు మొదులైనాయో నాకు తెల్దు. నాది ఇప్పుడు మొదులైతాంది. టైమెంతరా?"

"రెండూ ఇరవై జేజీ," అన్నాడు పిల్లోడు. ఈసారి ముందు నిన్ను చూసి, తర్వాత చెప్పాడు.

"రాహుకాలమా?"

"కాదు."

"యమగండమా?"

"అది మూడుకు."

"సరే. ఆయప్ప తినింది విత్తనాలు. అది తిండి గాదు, అలవాటు. పిల్లోని తరపున ఈ ఇంట్లో మొదుట అన్నం తినేది నేను. రెండూ ఇరవైకి తింటాండా. ఎవురన్నా అడిగితే అదే చెప్పండి." అని మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

మీ అమ్మ ఆకు వేయలేదు, పరుగెత్తింది. ఆకు వచ్చింది, నీళ్ళు చల్లారు, నెయ్యి వచ్చింది. నేను లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి, పొద్దున్నుంచీ కూర్చున్నాను కదా. అందుకే నిన్ను పంపాను. నువ్వు ఓళిగ పట్టుకుని ఆమె ముందు వంగావు, కంగారులో ఓళిగ ఆకు మీద పడాల్సింది పప్పులో పడింది. ఆమె దాన్ని పప్పుతోనే నోట్లో పెట్టుకుని, "బాగుండాది. ఇంగొకటి" అంది.

"షుగరే!" అని అరిచాడు అయివారు.

"కోడలు పెడ్తాంటే వద్దంటారా ఎవురన్నా?" అంది ఆమె, నములుతూనే.

కోడలు అంది, విన్నావా? నువ్వు విన్నావు, నాకు తెలుసు, ఓళిగల గిన్నె అక్కడే వదిలేసి వంటింట్లోకి పారిపోయావు. లోపల నువ్వూ మీ అమ్మా నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు బయటికి తెలియలేదు. పిల్లోడు క్యాలెండరు వైపు తిరిగి దానికేసి పళ్ళన్నీ చూపిస్తున్నాడు.

అయివారు లేచి చొక్కా దులుపుకున్నాడు. పొట్టు రాలింది. మీ నాయన చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాడు, వాళ్ళు తెచ్చిన పళ్ళెం మా వాడి చేతిలో పెట్టాడు. ఆమె తింటూనే ఉంది, ఆమె తల మీదుగానే వక్కాకు చేతులు మారింది. ఆయన తల నిలువుగా ఊపాడు. వెనక రెండు తలలు ఎంత గట్టిగా ఊగాయంటే నాకు వాళ్ళ మెడలు చూసి భయం వేసింది.

అందరికీ ఆకులు వేశారు. నన్ను కూడా పట్టుకుని లేపి, అయివారి పక్కనే కూర్చోబెట్టారు. ఆయన చిత్రాన్నం కలుపుకుంటూ నా వైపు వంగి, "ఇంతకూ చెల్లెమ్మా, పాలెగాళ్ళ సంగతి యాడ ఆపితిమి?" అన్నాడు.

"కోటలు కూలగొట్టిన కాడ అన్నా," అన్నాను. యమగండానికి ఇంకా పావుగంట ఉంది, మళ్ళీ మొదలుపెట్టాం.